మాడు మీద చెయ్యి

గురవమ్మ పొద్దున్నే కొర్లగుంటలో బయలుదేరితే ఎండ ముదిరేలోపల ఏడిళ్ళు తిరిగేది. ఏడిళ్ళలోనూ చంటిబిడ్డలు. దొడ్లో పీట వేసుకుని, కాళ్ళు బారచాపి, ఆ కాళ్ళ మీద బిడ్డను పడుకోబెట్టి నీళ్ళు పోసేది. ముందు నూనె, తర్వాత సున్నిపిండి, ఉడుకునీళ్ళు, సాంబ్రాణి పొగ. అన్నీ అయినాక ఆముదంలో వేళ్ళు ముంచి బిడ్డ మాడు మీద పెట్టేది. నడినెత్తిన ఎముక ఇంకా కూడని ఆ మెత్తని చోట అరచెయ్యి ఆనించి కాసేపు కళ్ళు మూసుకునేది.

చూసేవాళ్ళు దేవుడికి మొక్కుకుంటోంది అనుకునేవాళ్ళు. ఆమె మొక్కుకునేది కాదు. చూసుకునేది.

ఈ పని తల్లి దగ్గర నేర్చింది. చంద్రగిరిలో ఉన్నప్పుడు, పన్నెండేళ్ళ వయసులో, తల్లి ఆమె చెయ్యి పట్టుకుని ఒక బిడ్డ మాడు మీద పెట్టింది.

"ఏముండాది?"

"మెత్తగా ఉండాది."

"అది ఎవురికైనా తెలుస్తాది. ఇంకా?"

ఆ 'ఇంకా'కు జవాబు దొరికేసరికి ఆరేళ్ళు పట్టింది. ఒంట్లో నీళ్ళు తగ్గితే మాడు గుంటపడుతుంది. జ్వరంలో గబగబ కొట్టుకుంటుంది. బిడ్డ ఏడ్చేటప్పుడు లేస్తుంది, ఊరుకోగానే దిగుతుంది. ఇవన్నీ చేతికి వచ్చాయి. మాటల్లో పెట్టడం రాలేదు. ఎవరైనా అడిగితే "చెయ్యికి తెలుస్తాది" అనేది.

మొగుడు వరదయ్య తిరుమలకు రెండో ఘాటురోడ్డు వేసేటప్పుడు రాళ్ళు కొట్టినవాడు. ఒక బండ దొర్లి కాలు నలిగింది. అప్పటినుంచి గుడిసె ముందు కూర్చుని విస్తరాకులు కుడుతున్నాడు. లేచి తిరగలేడు గనక కూర్చున్న చోటునుంచే ఊరందరినీ తిడతాడు.

డెబ్బయి తొమ్మిదో సంవత్సరం ఎండాకాలం. తీర్థకట్ట వీధిలో ఇత్తడిసామాన్ల అంగడి దామోదరం ఇంట్లో మనవరాలికి అయిదో నెల. బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. జిగట, నెత్తురు చారలు. మాడు గవ్వ పట్టేంత గుంటపడింది. దామోదరం భార్య చంద్రకాంతమ్మ, కోడలు నిర్మల బిడ్డను ఎత్తుకుని డాక్టరు కృష్ణమూర్తి దగ్గరికి పోయారు. కృష్ణమూర్తి మద్రాసులో చదివినవాడు. ఆయన గది ముందు తెల్లవారేసరికే చెప్పులు వరుస కట్టి ఉండేవి. క్రిములను చంపే మందని ఒక గులాబిరంగు సీసా రాసిచ్చాడు. రోజుకు నాలుగుసార్లు, పది రోజులు.

మర్నాడు పొద్దున గురవమ్మ చెయ్యి పెట్టి చూసింది. గుంట పూడింది.

"లేసిందమ్మా. మాడు లేసింది."

చంద్రకాంతమ్మ కొండ వైపు తిరిగి చేతులు జోడించింది. "ఏడుకొండలవాడా! మందు ఒక్క దినానికే పట్టింది సూడు" అంది. ఆ రోజునుంచి గోడగడియారం కింద పీట వేసుకుని కూర్చుంది. ఒక్క చెంచా తప్పితే ఒప్పుకోలేదు.

ఆ ఇంట్లో అందరికీ సంతోషమే. గురవమ్మకు కూడా. ఆ సంతోషాన్ని ఆమె తర్వాత తనకు తానే క్షమించుకోలేదు.

మూడో రోజు పొద్దున మాడు మీద ఆముదం పెడితే నిలవలేదు. రెండు పక్కలకూ జారింది. గురవమ్మ మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారింది. బిడ్డ ఏడవడం లేదు. ఎత్తి కూర్చోబెట్టి చూసింది. కూర్చోబెడితే మాడు కొంచెం లోపలికి పోవాలి. పోలేదు. వేలితో తాకితే బిగువుగా, పచ్చికాయలాగా తగిలింది. బిడ్డ చూపు కిందికి వాలిపోయి ఉంది. పడుకోబెట్టగానే మూలిగింది. తాగిన పాలు ఒక్కసారిగా ఎగజిమ్మింది.

"అమ్మా, ఇది బాగయ్యేది గాదు. పొంగతా ఉండాది."

"నిన్ననే లేసిందని చెప్పింది నువ్వే గదమ్మే!" అంది చంద్రకాంతమ్మ.

"చెప్పినా. తప్పు చెప్పినా. మట్టానికి వచ్చి ఆగిపోవాల. ఇది ఆగలే. ఆ సీసా ఆపండమ్మా."

"నోటికొచ్చింది వాగబాక. విరేచనాలు కట్టింది ఆ సీసాతోనే. ఉడుకునీళ్ళు ఎక్కువ పోసి బిడ్డ తల మీద వేడి ఎక్కించినావు. ఇప్పుడు మందు మీద పెడతావా?"

నిర్మల బిడ్డను లాక్కుని గుండెకు అదుముకుంది.

డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు సంచి మోయడానికి గురవమ్మ కూడా పోయింది. కృష్ణమూర్తి బిడ్డ తల తడిమి చూశాడు. ముఖం మారింది. "ఈ బిడ్డకు నీళ్ళు ఎవరు పోస్తారు?" అన్నాడు.

గురవమ్మకు ప్రాణం లేచొచ్చింది. చూసినదాన్ని అడుగుతున్నాడు, డాక్టరంటే ఇట్లా ఉండాలి అనుకుంది. ముందుకు వచ్చింది. "నేనే సామీ."

"తల నొక్కుతావా?"

"నొక్కను సామీ. చమురు పెడతాను. మందు పోసిన రెండోదినం నుంచి..."

"రోజూ నెత్తిన చెయ్యి పెడతావు గదా?"

"పెడతాను. పెట్టబట్టే తెలిసింది. మందు పోసినాకనే ఇది..."

"నీకెట్లా తెలుసు?"

"చెయ్యికి తెలుస్తాది సామీ."

కృష్ణమూర్తి నవ్వాడు. తలుపు తెరిచే ఉంది. బయట బెంచీ మీద కూర్చున్న ఆడవాళ్ళకు వినబడేటట్లు అన్నాడు. "చేతికే తెలిసేటట్లయితే నేనెందుకు అన్నేళ్ళు పుస్తకాలు చదివాను? ఏమమ్మా, మీరు అంగడి ఉన్నవాళ్ళు, నాలుగూ తెలిసినవాళ్ళు. ఇట్లాంటివాళ్ళ చేతికి బిడ్డ తల ఇస్తారా? పిసికి పిసికి వాపు తెచ్చింది."

బెంచీ మీద ఎవరో నవ్వారు. ఇంకెవరో తన బిడ్డ తల మీద కొంగు కప్పుకున్నారు.

మందు పది రోజులూ పోయాలి, ముసలామె చెయ్యి బిడ్డ మీద పడకూడదు అన్నాడు డాక్టరు. అయిదు రోజుల్లో తగ్గకపోతే వేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి, అక్కడ వెన్నులో సూది పెట్టి నీళ్ళు తీస్తారు అన్నాడు.

సాయంత్రానికి మాట వీధులు తిరిగింది. మర్నాడు పొద్దున గురవమ్మ పోయిన ప్రతి ఇంటి ముందూ ఎవరో ఒకరు ఎదురొచ్చారు. ఒకరు బిడ్డకు జలుబన్నారు. ఒకరు మా అమ్మ వస్తోంది, ఆమే పోస్తుంది అన్నారు. ఒకరు తలుపే తియ్యలేదు. పూలు కట్టి అమ్మే సంతోషమ్మ ఒక్కతే "నా బిడ్డ మాడు బాగానే ఉండాది గదా, నువ్వు రా అక్కా" అంది. ఏడిళ్ళు ఒక్క ఇల్లయింది.

వరదయ్య ఆకు కుడుతూ చూశాడు. "ఏమ్మే, ఏడిళ్ళ దొరసానీ! ఈ పొద్దు కొలువు లేదా?"

"నోరు మూసుకో."

"నోరు మూసుకోవాల్సింది నువ్వు. డాక్టరు ముందర చెయ్యికి తెలుస్తాదని చెప్తారా ఎవరైనా? కాలికి తెలుస్తాదని నేను ఇంజనీరు దగ్గర చెప్పినానా?"

"చెప్పుంటే నీ కాలు మిగిలేదేమో. ఆ బండ కదలతా ఉందని నీకు ముందే తెలుసు గదా."

వరదయ్య సూది పుల్ల ఆకులో గుచ్చి అట్లే పట్టుకున్నాడు.

మూడు రోజులు గురవమ్మ ఆ ఒక్క ఇంట నీళ్ళు పోసి వచ్చి ఇంట్లో కూర్చుంది. కూర్చున్న మూడు రోజులూ ఒకటే లెక్క వేసుకుంది. నా చెయ్యి వల్ల వచ్చిందన్నాడు. చెయ్యి తీసేసినాను. మరి దిగిందా? దిగితే తప్పు నాది. ఆ తప్పు నెత్తిన పెట్టుకుని ఈ పని మానేస్తాను. దిగకపోతే?

మూడో రోజు ఎండవేళ తీర్థకట్ట వీధి వెనక సందులోకి పోయింది. దామోదరం ఇంటి దొడ్డివాకిలి దగ్గర నిలబడింది. నిర్మల బిడ్డ గుడ్డలు ఆరేయడానికి వచ్చింది. ఆమెను చూసి అదిరిపడింది.

"అయ్యో, అత్త చూస్తే..."

"నేను లోపలికి రాను. బిడ్డను తాకను. సూడు" అని గురవమ్మ చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది. "బిడ్డ ఎట్లుండాది అమ్మణ్ణీ?"

నిర్మల ఏడ్చింది. పాలు నిలవడం లేదు. రాత్రంతా మూలుగు. ఎల్లుండి వేలూరుకు పోవాలని మామ కారు మాట్లాడాడు. వెన్నులో సూది.

"ఎత్తుకొని రా. నీ చెయ్యి పెట్టి సూడు."

నిర్మల తెచ్చింది. తన చేతిని మాడు మీద ఆనించింది.

"ఏముండాది?"

"గట్టిగా. ఇంకా ఎక్కువైనట్టుంది."

"నా చెయ్యి తీసి మూడు దినాలు. నాదే తప్పయితే ఈ పాటికి దిగాల గదా? ఎక్కింది. నా చెయ్యి పోయింది. ఇంక బిడ్డ మీద రోజుకు నాలుగు మార్లు పడతా ఉండేది ఏంది? నువ్వే చెప్పు."

నిర్మల ఇంట్లోకి చూసింది. "అత్త గడియారం కింద కూర్చోనుంటుంది."

"చెంచా ఎవురు పట్టేది?"

"నేనే."

గురవమ్మ వచ్చిన దారినే పోయింది.

ఆ సాయంత్రం నుంచి నిర్మల బిడ్డ గడ్డం కింద తెల్లగుడ్డ ఒకటి మడిచి పెట్టింది. అత్త చూస్తుండగానే సీసా వంచేది, చెంచా నింపేది, బిడ్డ మీదికి వంగేది. వంగినప్పుడు అత్తకు కనిపించేది నిర్మల వీపు మాత్రమే. చెంచా గుడ్డలో ఒలికిపోయేది. గుడ్డ గులాబిరంగుకు తిరిగింది.

మర్నాటికి బిడ్డ పాలు నిలిచాయి. ఆ మర్నాడు చూపు తిన్నగా నిలబడింది, తల్లిని చూసి నవ్వింది. మాడు దిగుతూ దిగుతూ మట్టానికి వచ్చింది. దామోదరం కారు వద్దని చెప్పేశాడు.

చంద్రకాంతమ్మ వీధి వీధంతా చెప్పింది. "ఆ డాక్టరు దేవుడు. గురవమ్మ చెయ్యి తీసేసినాక గదా నా బంగారం బతికింది!"

సంతోషమ్మ ఈ మాట తెచ్చి చెప్పింది. చెబుతూ నేల చూసింది. రేపటినుంచి మా అత్త వద్దంటోంది అక్కా, అంది.

బిడ్డ బాగుందని వినగానే గురవమ్మకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు ఆరకముందే ఇంకొకటి పుట్టింది. అది ఆరలేదు. తను చెప్పిన మాటతోనే బిడ్డ బతికింది. ఆ బతకడాన్నే తన నేరానికి సాక్ష్యంగా పెట్టుకున్నారు. ఎవరితో చెప్పుకోవాలి? చెబితే నిర్మల ఆ ఇంట్లో ఎట్లా బతకాలి?

అన్నం ముందు కూర్చుని లేచింది.

"తినవే" అన్నాడు వరదయ్య.

"దిగదు."

"ఊరందరినీ తిట్టేది నా పని. అది గూడా నువ్వే తీసుకుంటే నేనేం చేసేది?"

ఆమె నవ్వలేదు. వరదయ్య కాలికి మాత్రలు అయిపోయాయని మందులంగడికి బయలుదేరింది.

అంగడి ఏకాంబరానిది. అరవ యాస, మెల్లని మనిషి. రెండు మాత్రలు తీసి ఒక పలచని కాగితంలో చుట్టి ఇచ్చాడు. కాగితం నిండా చీమలంత అక్షరాలు. గురవమ్మ దాన్ని ఇన్నేళ్ళుగా చూస్తూనే ఉంది. ఆ రోజే అడిగింది.

"ఇదేం కాగితం ఏకాంబరమప్పా?"

"మందుపెట్టెల్లో వస్తుందమ్మా. మందు గురించి రాసుంటారు. జనం చూసి బెదురుకుంటారని తీసేస్తాం. మాత్రలు చుట్టేదానికి బాగుంటుంది."

"ఇత్తడంగడి వాళ్ళ బిడ్డకిచ్చిన గులాబి మందులో గూడా వస్తాదా?"

"అన్నిట్లో వస్తుంది."

"అది తియ్యి."

ఏకాంబరం బల్ల కింద డబ్బా లాగి వెతికాడు. ఒక కాగితం విప్పి వెలుతురుకు పట్టుకున్నాడు. ఇంగ్లీషులో గొణుగుతూ వేలు కిందికి జార్చాడు. వేలు ఒకచోట ఆగింది. అక్కడే మళ్ళీ చదివాడు.

"ఏమి రాసుండాది?"

"చంటిబిడ్డల్లో... అరుదుగా... తల లోపల ఒత్తిడి పెరిగి మాడు ఉబ్బవచ్చు. వాంతులు కావచ్చు. మందు ఆపితే తగ్గిపోతుంది." కళ్ళద్దాలు తీశాడు. "అరుదుగా అని రాసుంది గురవమ్మా. వేలల్లో ఒకరికి."

"ఆ ఒకరు తీర్థకట్ట వీధిలో ఉండారు గదప్పా. దీంట్లో మాత్రలు చుట్టినావే!"

ఏకాంబరం ముఖం ఎర్రబడింది. అడగకుండానే కాగితం వెనక పెన్సిలుతో ఆ నాలుగు మాటలూ తెలుగులో రాసి ఇచ్చాడు.

పదకొండో రోజు బిడ్డను డాక్టరుకు చూపించాలి. గురవమ్మ ఆ పొద్దు ముందే పోయి బెంచీ చివర కూర్చుంది. పక్కనున్న ఆడవాళ్ళు జరిగి కూర్చున్నారు. చంద్రకాంతమ్మ, నిర్మల బిడ్డతో వచ్చి లోపలికి పోగానే ఆమె లేచి వాళ్ళ వెనకే పోయింది. తలుపు దగ్గరి మనిషి "నీ బిడ్డ ఏదమ్మా?" అన్నాడు.

"లోపల ఉండాది."

కాగితం తీసి డాక్టరు బల్ల మీద పెట్టింది. ఆయన చదివాడు. వెనక తెలుగు కూడా చదివాడు.

"ఇది నాకు తెలియదనుకున్నావా? అరుదు అని రాసింది, చూశావా? అరుదైనదాన్ని పట్టుకుంటే నేను ఏ బిడ్డకూ మందు రాయలేను." కాగితం మీద గాజుగుండు పెట్టాడు. "సరే, మందువల్లనే అనుకుందాం. మందు పదిరోజులూ పోశారు. మరి ఎట్లా తగ్గింది? ఆపితే కదా తగ్గాలి? ఆపింది మందును కాదు, నిన్ను."

చంద్రకాంతమ్మ తల ఊపింది. "అదీ మాట."

జవాబు గురవమ్మ నాలుక మీదికి వచ్చింది. వచ్చినదాన్ని మింగింది. నిర్మల వైపు చూడలేదు. చూపు అటు తిరిగినా చంద్రకాంతమ్మ పట్టేస్తుంది. గోడ మీద బొద్దుబిడ్డ బొమ్మ ఉన్న క్యాలెండరుంటే దాన్ని చూస్తూ నిలబడింది. మెడ నరాలు తేలాయి.

సంచి జిప్పు తీసిన చప్పుడయింది. నిర్మల ఒక గుడ్డ తీసి బల్ల మీద, ఆ కాగితం పక్కన పరిచింది. ఎండిపోయి అట్టకట్టిన గుడ్డ. నిండా గులాబిరంగు.

"అయిదు దినాలదే బిడ్డ కడుపులోకి పోయింది. మిగిలిన మందు ఇదిగో. నేనే పొయ్యలేదు. ఆపినాకనే దిగింది."

ఆ మరక మీద వేలు పెట్టి చూపించింది.

"అమ్మమ్మా! నా కళ్ళ ముందరే!" అంది చంద్రకాంతమ్మ.

"మీ కళ్ళ ముందరే అత్తా. పొయ్యలేదు."

డాక్టరు గుడ్డను చూశాడు. బిడ్డను చూశాడు. మాడు తడిమి చూసి చెయ్యి తీసుకున్నాడు. "బిడ్డ బాగుంది గదా. ఇంకేం కావాలి మీకు?"

గురవమ్మ అప్పుడు నోరు విప్పింది. "సామీ, ఆ పొద్దు నా చెయ్యి గురించి చెప్పినప్పుడు ఈ తలుపు తీసుండింది. బెంచీ మీదోళ్ళందరూ ఇన్నారు. ఏడిళ్ళు పోయినాయి. ఇప్పుడు గూడా తలుపు తీసే ఉండాది. చెప్పండి."

కృష్ణమూర్తి గంట నొక్కాడు. "తర్వాత ఎవరు?"

"తర్వాత నేనే సామీ. నా మాట ముగిసిందాకా నేనే."

ఆయన తల ఎత్తలేదు. కలం పట్టుకుని ఖాళీ చీటీ వైపు చూస్తూ ఉండిపోయాడు. తలుపు దగ్గరి మనిషి వచ్చి భుజం మీద చెయ్యి వేయబోయాడు. గురవమ్మ వాడి చెయ్యి విదిలించుకుంది. గాజుగుండు పక్కకు పెట్టి తన కాగితం తను తీసుకుంది. "అరుదని నాకు గూడా తెలుసు సామీ. నలభై ఏండ్లలో ఇదొకటే చూసినా. చూసినప్పుడు చెప్పినా. ఇన్నారా?"

బయటికి వచ్చింది. వెనకే వచ్చిన నిర్మల ఆమె చేతిలో కాగితం తీసుకుంది. వరుసగా ఉన్న చెప్పుల మధ్య నిలబడి ఏకాంబరం రాసిన తెలుగును బెంచీకి వినబడేటట్లు చదివింది. రెండుసార్లు చదివింది. రెండోసారికి లోపల తలుపు మూశారు.

తర్వాత నాలుగిళ్ళు మళ్ళీ పిలిచాయి. తలుపు తియ్యని ఇల్లు తియ్యనే లేదు. కృష్ణమూర్తి ఆ మందు రాయడం మానలేదు. ఆయన గది ముందు చెప్పులు తగ్గలేదు. ఏకాంబరం మాత్రం పెట్టెల్లో కాగితాలు తియ్యడం మానేశాడు. గురవమ్మ కొత్త ఇంటికి పోతే, ముందు బిడ్డకు ఏం మందు పోస్తున్నారో అడిగేది, పెట్టెలో కాగితం తెమ్మనేది. "నీకు చదువొచ్చునా?" అని నవ్వితే "నాకు రాదు. నీకొచ్చు గదా, చదువు" అనేది.

చంద్రకాంతమ్మ పదిరోజులకు కబురు పంపింది. బిడ్డ వేరేవాళ్ళ చేతికి ఊరుకోవడం లేదు, వచ్చి నీళ్ళు పొయ్యమని.

"ఈడికి ఎత్తుకొని రమ్మను" అంది గురవమ్మ.

వరదయ్య సూదిపుల్ల కింద పెట్టాడు. "నీకేమన్నా పిచ్చా? ఇత్తడంగడోళ్ళు కొర్లగుంటకొస్తారా?"

"నా చెయ్యి చెడ్డదని వీధంతా తిరిగి చెప్పిన మనిషి, ఆ చేతికోసం ఈ వీధి గూడా తిరగనీ."

నాలుగు రోజులు ఎవరూ రాలేదు. అయిదో రోజు నిర్మల వచ్చింది, చంకలో బిడ్డ. ఆమె వెనక చంద్రకాంతమ్మ, వీధిలో మురుగుకాలవ తగలకుండా చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, ఇంకో చేత్తో తమ ఇంటి ఇత్తడి చెంబు పట్టుకుని. కూర్చోవడానికి చోటు లేదు. వరదయ్య తన ఆకుల కట్ట ముందుకు తోశాడు. "కూర్చో తల్లీ. విస్తరాకులే, విరిగేదేం లేదు."

గురవమ్మ ఆమెను పలకరించలేదు. గుడిసె వెనక పీట వేసుకుని కాళ్ళు చాపింది. నూనె రాసింది, నీళ్ళు పోసింది, తుడిచింది. బిడ్డ కాళ్ళ మీదే నిద్రలోకి జారింది. ఆముదంలో వేళ్ళు ముంచి మాడు మీద పెట్టింది. చమురు నిలిచింది.

చెయ్యి తీసింది. పక్కనే నిలబడి ఉన్న చంద్రకాంతమ్మ చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని, కిందికి లాగి, మాడు మీద పెట్టింది.

"ఏముండాది?"

చంద్రకాంతమ్మ వేళ్ళు మెల్లగా ఆనించి చూసింది.

"మెత్తగా ఉండాది."

గురవమ్మ పట్టు వదల్లేదు.

"ఇంకా?"